ఇంట్లో బట్టలంటే అంత లోకువా?

“ఇంట్లోనే కదా, ఏదైతేనేం?”

ఈ మాట ఒక్కసారైనా వినని ఇల్లాలు ఉంటే చెప్పండి, వెళ్ళి దణ్ణం పెట్టుకొస్తాను. పండక్కి బట్టల షాపుకి వెళ్తాం. పిల్లలకి అవుతాయి, ఆయనకి అవుతాయి, అత్తగారికి అవుతాయి. ఆఖర్న మనల్ని పట్టుచీరల దగ్గర కూర్చోబెడతారు. అంచు వెడల్పు, జరీ, జాకెట్టు ముక్క రంగు, అన్నిటి మీదా ఇంటిల్లిపాదీ తలో మాటా అంటారు. ఆ చీర ఏడాదికి మూడుసార్లు బీరువాలోంచి బయటికొస్తుంది. మిగతా 362 రోజులు, పొద్దున్న ఐదు నుంచి రాత్రి పది దాకా ఒంటిమీద ఉండే బట్ట సంగతి ఎత్తితే మాత్రం “ఇంట్లోనే కదా” అంటారు. అక్కడితో చర్చ అయిపోతుంది.

పోనీ పట్టించుకోకుండా వదిలేస్తారా అంటే అదీ లేదు. నైటీ మీద వేసినన్ని జోకులు ఇంకే బట్ట మీదా వెయ్యరు. నైటీ మీద చున్నీ వేసుకుని కూరగాయల బండి దగ్గరికొచ్చిన ఆడది సినిమాల్లో కామెడీ, వాట్సాప్‌లో కామెడీ. 2018లో పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక ఊరి పెద్దలు పొద్దున్న 7 నుంచి సాయంత్రం 7 దాకా నైటీ వేసుకుంటే 2,000 రూపాయలు జరిమానా అన్నారు. పట్టిచ్చినవాళ్ళకి 1,000 రూపాయలు బహుమానం కూడా పెట్టారు. పేపర్లో చదివే ఉంటారు. ఆ పొద్దున్న ఏడుకీ సాయంత్రం ఏడుకీ మధ్య ఆ ఊళ్ళో అంట్లు తోమింది, పాలు పితికింది, బావి దగ్గర నీళ్ళు తోడింది ఎవరు? వాళ్ళు ఏది కట్టుకుంటే పని సులువుగా జరుగుతుందో ఆ పెద్దల్లో ఒక్కరైనా అడిగారని నేను ఎక్కడా చదవలేదు.

ఇంటిపని చేసే మనిషి బట్ట కూడా పెద్ద డిజైనరు కూర్చుని బుర్ర పెట్టాల్సినంత విషయమే అని నమ్మిన మనిషి ఒకావిడ ఉంది. మన దేశం కాదు, అమెరికా. పేరు క్లెయిర్ మెకార్డెల్. ఈవిడ గురించి కొంతకాలంగా దొరికిందల్లా చదువుతున్నాను. చదివినకొద్దీ నాకు కోపం పెరుగుతోంది. ఆవిడ మీద కాదు లెండి.

మా ఆడపడుచు కూతురు ఫ్యాషన్ డిజైను చదువుతోంది. మొన్న సెలవులకొచ్చినప్పుడు క్రిస్టియన్ డియోర్ గురించి అరగంట చెప్పింది. బాగానే చెప్పింది, పిల్ల తెలివైనది. “మరి మెకార్డెల్ సంగతేంటే?” అన్నాను. కాస్త ఆలోచించి, “ఆ, మడమల్లేని ఆ బ్యాలే చెప్పులు తెచ్చినావిడ కదా అత్తా?” అంది. అంతే. ముప్ఫై ఏళ్ళ పని ఒక జత చెప్పుల్లోకి కుదించుకుపోయింది.

అందుకే ముందు ఆ గౌను సంగతి చెప్తాను.

1942. అమెరికా యుద్ధంలోకి దిగింది. మగవాళ్ళు సైన్యంలోకి వెళ్ళారు, ఫ్యాక్టరీలకి మనుషులు కావాలి. అప్పటిదాకా కలిగినవాళ్ళ ఇళ్ళల్లో వంటా, ఇల్లు తుడవడం చేస్తున్న ఆడవాళ్ళు ఆ పని వదిలి, మంచి జీతమిచ్చే ఫ్యాక్టరీలకి వెళ్ళిపోయారు. ఎన్నడూ గిన్నె పట్టుకోని అమ్మగార్లు సింకు ముందు నిలబడ్డారు. హార్పర్స్ బజార్ అనే పెద్ద ఫ్యాషన్ పత్రిక వాళ్ళు మెకార్డెల్‌ని అడిగారు: పనిమనిషి లేని ఇల్లాలు పని చేసుకుంటూ వేసుకోడానికి ఏదైనా కుట్టిపెట్టగలవా, కానీ చూడ్డానికి బాగుండాలి సుమా అని.

ఆవిడ కుట్టిన గౌను పేరు పాపోవర్. గబుక్కున పైన తగిలించుకునేది అని అర్థం. ఉతికినా బాదినా ఏమీ కాని ముతక నూలు గుడ్డ. ఒక పక్క మీంచి ఇంకో పక్క చుట్టుకుని ముందువైపే బిగించుకోవచ్చు. చెయ్యి పైకెత్తినా పట్టెయ్యని వదులు చేతులు. తుంటి దగ్గర ఒక పెద్ద జేబు. దానికి జతగా అదే గుడ్డతో కుట్టిన మసిగుడ్డ, చేతికి తొడుక్కునే రకం, గౌనుతోపాటే వచ్చేది. ఒక్క నిమిషం ఆగి ఈ ఆఖరు మాట గురించి ఆలోచించండి. పొయ్యి మీద పాలు పొంగుతుంటే మసిగుడ్డ కనపడక, కొంగుతో గిన్నె దింపి, ఆ కొంగు అంటుకుంటుందేమో అని గుండె గుబుక్కుమన్న క్షణం మనందరికీ ఉంది. ఆ క్షణాన్ని గుర్తుపెట్టుకుని గౌను కుట్టిన డిజైనరు నాకు తెలిసినంతలో ఈవిడొక్కతే.

నేను బీఏ తెలుగు చదివాను. నాయికల చీరలూ, నగలూ, నడకా, నడుమూ వర్ణించే పద్యాలు పరీక్షకి కంఠతా పట్టాను. నాకు పాఠంగా వచ్చిన ఒక్క పద్యంలోనూ ఏ నాయికా పొయ్యి మీంచి గిన్నె దింపలేదు.

ధర 6.95 డాలర్లు. ఇంటిపని బట్ట అని ప్రభుత్వ లెక్కల్లో వేరే కోవలోకి వచ్చింది కాబట్టి ఆ ధరకి అమ్మగలిగారు. మొదటి సీజన్లోనే 75,000 అమ్ముడుపోయాయి. మరుసటి ఏడాది ఫ్యాషన్ విమర్శకులు దానికి ప్రత్యేకంగా గౌరవం ఇచ్చారు. అక్కణ్ణుంచి బతికినన్నాళ్ళూ, మెకార్డెల్ ప్రతి ఏటా ఏదో ఒక రూపంలో పాపోవర్ కుడుతూనే వచ్చింది. ఒకసారి వేసుకుని బయటికెళ్ళేదిగా, ఇంకోసారి స్నానాల బట్ట మీద కప్పుకునేదిగా.

ఇక్కడ ఇద్దరు నాతో దెబ్బలాటకి వస్తారని తెలుసు.

మొదటివాళ్ళు, చదువుకున్న మన అమ్మాయిలు. “ఆడదాన్ని వంటింటికి కట్టేసే గౌను అది, దాన్ని పొగుడుతావేంటి? మసిగుడ్డ జత చేసి మరీ ఇచ్చారు!” అంటారు. అమ్మా, గౌను రాకముందు వంటిల్లు లేదా? అది కుట్టకపోతే ఆ 75,000 మందీ అంట్లు వదిలేసి వీధిలోకి వచ్చేవాళ్ళా? పని పంచుకోవాలని మొగుడితో పోట్లాడండి, నేనూ మీ వెనకే ఉంటాను. కానీ ఆ పోట్లాట తేలేదాకా పొయ్యి దగ్గర నిలబడిన మనిషి ఒళ్ళు కాల్చుకోవాలనీ, కొంగు తడుపుకోవాలనీ ఏ స్త్రీవాదమూ చెప్పదు. మేస్త్రీకీ మెకానిక్కుకీ పనిబట్టలున్నాయి. అవి వాళ్ళని కట్టేస్తున్నాయని ఎవరూ అనరు. పనికి తగిన బట్ట ఇవ్వడమంటే అది పని అని ఒప్పుకోవడం. మన ఇంటిపనికి ఆ ఒప్పుకోలే దొరకలేదు ఇప్పటికీ.

రెండోవాళ్ళ మాటకి మాత్రం నా దగ్గర సుళువైన జవాబు లేదు. వాళ్ళేమంటారంటే, ఆ గౌను ఎవరి కోసం పుట్టింది? అమ్మగారి కోసం. అంతకుముందు వందేళ్ళు అదే సింకు దగ్గర అవే అంట్లు తోమిన పనిమనిషి కోసం ఏ పత్రికా ఏ డిజైనరునీ అడగలేదు. అమ్మగారి చేతులు తడిసిన రోజున ప్రపంచానికి హఠాత్తుగా ఇంటిపని బట్ట గుర్తొచ్చింది. నిజం. నూటికి నూరుపాళ్ళు నిజం. నా కోపంలో సగం ఇదే. ఒక పనికి గౌరవం రావాలంటే ఆ పని కలిగినవాళ్ళ మీద పడాలి. మన ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి మనం ఇచ్చే బట్టలేవో తలుచుకోండి. మనం వద్దనుకున్న చీరలే. ఆ పని చెయ్యడానికి అవి పనికొస్తాయా అని చూసి ఇస్తామా? అయితే ఈ నింద పత్రికవాళ్ళ మీద వెయ్యండి, లోకం మీద వెయ్యండి. అడిగినప్పుడు మెకార్డెల్ కుట్టి ఇచ్చినది ఏడు డాలర్ల లోపు గౌను. అమ్మగారి కోసం అడిగితే, జీతానికి పనిచేసే ఆడపిల్ల కూడా కొనుక్కోగలిగేది ఇచ్చింది.

ఎక్కణ్ణుంచి వచ్చింది ఈ బుద్ధి? 1905లో మేరీల్యాండ్‌లోని ఫ్రెడరిక్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. నాన్న బ్యాంకు ప్రెసిడెంటు, ముగ్గురు తమ్ముళ్ళు. వాళ్ళతో సమానంగా చెట్లెక్కి తిరిగిన పిల్ల. అమ్మ తెప్పించే ఫ్యాషన్ పత్రికల్లోంచి బొమ్మలు కత్తిరించి, ఒకదాని చేతులు ఇంకోదానికి, ఇంకోదాని పావడా మరోదానికి అతికించి ఆడుకునేదట. న్యూయార్క్ వెళ్ళి డిజైను నేర్చుకుంటానంటే పదహారేళ్ళ పిల్లని ఒంటరిగా పంపనన్నాడు నాన్న. పక్కనే ఉన్న హుడ్ కాలేజీలో హోమ్ సైన్సులో చేర్పించాడు. ఆడపిల్లకి ఇంటికి దగ్గర్లో హోమ్ సైన్సు! మన తరం వాళ్ళకి ఈ కథ కొత్తగా చెప్పాలా? రెండేళ్ళు కూర్చుని, చివరికి నాన్నని ఒప్పించి న్యూయార్క్ వెళ్ళింది. ఇప్పుడు పార్సన్స్ అని పేరున్న స్కూలు అది. అక్కణ్ణుంచి ఒక ఏడాది పారిస్.

పారిస్‌లో మిగతా అమ్మాయిలతో కలిసి మదెలీన్ వియోనే అనే గొప్ప డిజైనరు కుట్టిన నమూనా గౌన్లు, సీజను అయిపోయాక చౌకగా అమ్మేస్తుంటే కొనుక్కునేది. కొన్నది వేసుకోడానికొకటే కాదు. కుట్లు విప్పడానికి. ఏ ముక్క ఏ వాలున కత్తిరించారు, ఎక్కడ కలిపారు అని విప్పి చూసి నేర్చుకుంది. మనవాళ్ళు పాత జాకెట్టు కుట్లు విప్పి, పేపరు మీద పెట్టి గీసుకుని కొత్తది కత్తిరించడం నేర్చుకున్నట్టే.

తిరిగొచ్చాక కొన్నాళ్ళు లాంప్‌షేడ్ల మీద పువ్వులు వేసి పొట్టపోసుకుంది. తర్వాత రాబర్ట్ టర్క్ అనే డిజైనరుకి సహాయకురాలిగా చేరి, ఆయనతోపాటే టౌన్లీ అనే కంపెనీకి వెళ్ళింది. 1932లో ఆయన నీళ్ళల్లో మునిగి చనిపోయాడు. సీజను సగంలో ఉంది. మిగిలింది నువ్వే పూర్తిచెయ్యి అన్నారు. అలా సందు దొరికింది ఆవిడకి.

దొరికిన సందులో ఏం చేసిందో చూడండి. 1934లోనే నల్లటి జెర్సీ ఉన్నితో ఒకదానితో ఒకటి కలిపి మార్చి మార్చి వేసుకునే ఐదు ముక్కలు తయారుచేసింది. ఒక చిన్న పెట్టెతో నెలరోజులు ఊరెళ్ళి రావచ్చు. షాపులకి సరుకు కొనేవాళ్ళు వద్దన్నారు. పైదీ కిందదీ విడివిడిగా ఎలా అమ్మాలో వాళ్ళకి తెలీదట! ఈ రోజు ప్రపంచం మొత్తం అలాగే వేసుకుంటోంది, మన పిల్లలతో సహా.

1938 కథ ఇంకా బాగుంటుంది. తనకోసం ఒక గౌను కుట్టుకుంది. నడుము కుట్టే లేదు. గుడారంలా భుజాల మీంచి వేలాడుతుంది. ఎవరి నడుము ఎక్కడుంటే అక్కడ బెల్టు కట్టుకోవాలి. లావుగా ఉన్నా సన్నగా ఉన్నా, కడుపుతో ఉన్నా సరిపోతుంది. కంపెనీవాళ్ళకి నచ్చలేదు. అది వేసుకుని తిరుగుతుంటే బెస్ట్ అండ్ కంపెనీ షాపుకి సరుకు కొనే ఆయన చూశాడు. వంద కావాలన్నాడు. ఒక్కరోజులో అమ్ముడుపోయాయి. సన్యాసుల అంగీలా ఉందని మొనాస్టిక్ గౌను అని పేరు పడింది. ఇక చూస్కోండి, సెవెంత్ ఎవెన్యూలో ప్రతివాడూ దాన్ని కాపీ కొట్టాడు. ఆ దొంగల మీద కోర్టులకి తిరిగి తిరిగి టౌన్లీ కంపెనీ మూతపడింది. గౌను నచ్చలేదన్నవాళ్ళు ఇంటి పెద్దలు, నచ్చిందని కొట్టేసినవాళ్ళు పొరుగువాళ్ళు. మధ్యలో ఉద్యోగం పోయింది ఈవిడకి.

తర్వాత హ్యాటీ కార్నెగీ అనే పెద్ద దుకాణంలో చేరితే అక్కడి ఖాతాదార్లకి ఈవిడ గౌన్లు మరీ సాదాగా అనిపించాయి. అంత డబ్బు పోశాక కనీసం నాలుగు పూసలైనా ఉండాలి కదా! 1940లో టౌన్లీ మళ్ళీ తెరిచినప్పుడు వెనక్కి వచ్చింది. ఈసారి గౌను లోపల లేబుల్ మీద తన పేరు వేయించుకుంది. అప్పటిదాకా అమెరికా డిజైనర్లలో చాలామంది పేరూ ఊరూ లేకుండా, పారిస్ చూసి దింపడమే పనిగా బతికారు. ఆ ఏడాదే పారిస్ జర్మన్ల చేతికి చిక్కింది. చూసి దింపడానికి పారిస్ లేకపోయేసరికి, చూడకుండా కుట్టడం తెలిసిన మనిషి విలువ తెలిసింది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన సంగతి. జిప్పు.

గౌనుకి జిప్పు వెనక పెడతారు. ఎందుకు? ముందు నుంచి చూసేవాళ్ళకి కనపడకూడదని. వేసుకునే మనిషి చెయ్యి విరుచుకోవాలా, ఇంట్లో ఇంకొకరు ఉన్నారా లేరా, ఎవరికీ పట్టదు. మెకార్డెల్‌కి పట్టింది. ఒంటరిగా ఉండే ఆడది కూడా ఎవర్నీ పిలవకుండా తన బట్ట తాను వేసుకోగలగాలని జిప్పుని పక్కకి మార్చింది. ముందువైపు ఇత్తడి కొక్కేలు పెట్టింది. దాచకుండా, పైకి కనిపించేట్టు, అదే అందం అన్నట్టు పెట్టింది. నడుము చుట్టూ సన్నటి తాళ్ళు కట్టుకోవడం నేర్పింది. వారం వారం ఒళ్ళు మారినా తాడు సర్దుకుంటుంది, కొక్కెం సర్దుకోదు. అలాగే జేబులు. కూలివాళ్ళ ప్యాంట్ల నుంచి లోతైన జేబులూ, రెండు వరసల కుట్టూ, రివెట్లూ తీసుకొచ్చి ఆడవాళ్ళ గౌన్లకి పెట్టింది. పార్టీకి వేసుకెళ్ళే పొడుగు గౌనుకి కూడా జేబులున్నాయి. పరుపులకి వాడే చారల గుడ్డతో బయటికి వేసుకెళ్ళే గౌన్లు కుట్టింది. చెప్పులంటారా, యుద్ధంలో తోలుకి రేషను. బ్యాలే చెప్పుల మీద ఆ లెక్క లేదు కాబట్టి కపేజియో కంపెనీవాళ్ళని వాటికే గట్టి అట్ట వెయ్యమంది. మా మేనకోడలు చెప్పింది అదే. కరువులోంచి పుట్టిన ఉపాయం అని దానికి ఎవరూ చెప్పలేదు పాపం.

మన సంగతి చూడండి. చీరకి జేబు లేదు, లంగాకి లేదు, నైటీకి ఉంటే నాలుగు వేళ్ళు పట్టేంత. అందుకని తాళాలు బొడ్లో, డబ్బులు జాకెట్టులో, పిన్నీసులు మంగళసూత్రానికి, ఫోను చంకలో. అప్పుడు మళ్ళీ, “ఆడవాళ్ళకి ఫోను ఎక్కడ పెట్టారో గుర్తుండదు” అని ఇంకో జోకు. జేబులున్నవాళ్ళు వేసే జోకు.

సినిమా బట్టల గురించి ఒక మాట. అమెరికా బట్టలంటే మనలో పాత ఇంగ్లీషు సినిమాలు చూసినవాళ్ళకి గుర్తొచ్చే పేరు ఈడిత్ హెడ్. 35 సార్లు ఆస్కారుకి పేరు వెళ్ళింది, 8 సార్లు గెలిచింది. ఆవిడ పనిని తక్కువ చెయ్యను. కానీ సినిమా గౌను ఒక్క సీనుకి నిలబడితే చాలు. కెమెరా ఏ పక్క నుంచి చూస్తే ఆ పక్క బాగుంటే చాలు. తారకి వెనక జిప్పు పెట్టడానికి మనిషి ఉంటుంది, మరక పడితే ఇంకో గౌను ఉంటుంది. సినిమాకి కుట్టినావిడకి 8 ఆస్కార్లు. బస్సు ఎక్కి, పిల్లని ఎత్తుకుని, కూర కలిపి, అదే బట్టలో వచ్చినవాళ్ళకి టీ ఇవ్వాల్సిన మనిషికి కుట్టినావిడ పేరు ఫ్యాషన్ చదివే పిల్లకే సరిగ్గా తెలీదు. తేడా పనితనంలో ఉందంటే నేను నమ్మను. ఎవరి కోసం కుట్టారన్నదాంట్లో ఉంది.

ఇప్పుడు డియోర్ దగ్గరికొద్దాం. యుద్ధం అయిపోయింది. 1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో ఆయన మొదటి ప్రదర్శన. న్యూ లుక్ అని పత్రికలు మోత మోగించాయి. లోపల నడుముని బిగగట్టి, తుంటి దగ్గర మెత్తలు కుట్టి, గజాలకొద్దీ గుడ్డతో బారు పావడాలు. యుద్ధంలో నాలుగేళ్ళు లోహం పనీ, లారీ పనీ చేసిన ఆడవాళ్ళకి కొత్తగా దొరికిన బహుమతి ఏంటంటే, వాళ్ళ అమ్మమ్మల నడుము బిగింపు! అందం లేదనను. ఫోటోలు చూస్తే నాకూ కళ్ళు తిరుగుతాయి. అవి వేసుకుని వంగి చీపురు పట్టుకోడం మాత్రం కుదరదు. అమెరికా ఆడవాళ్ళు ఊరుకోలేదు. డాలస్‌లో మొదలెట్టి, మోకాలి కిందికి ఎక్కువ దిగనివ్వం అని క్లబ్బులు పెట్టుకుని, ప్లకార్డులు పట్టుకున్నారు. ఓడిపోయారు, అది వేరే సంగతి.

మెకార్డెల్ కూడా ఆ రోజుల్లో పొడుగు, విశాలమైన పావడాలు కుట్టింది. కానీ లోపల బద్దలు లేవు, మెత్తలు లేవు. వేసుకున్న మనిషి ఊపిరి పీల్చుకోవచ్చు. చేతులు జేబుల్లో పెట్టుకుని నడవొచ్చు.

ఆ కాలంలో ఆవిడకి పేరు లేదని కాదు. 1955 మే 2న టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ఆవిడే ఉంది. పికాసో, షగాల్, మీరో బొమ్మలు అచ్చువేసిన బట్టలతో గౌన్లు కుట్టింది అదే ఏడాది. 1956లో ఏం వేసుకోవాలన్న విషయం మీద పుస్తకం రాసింది. ఇన్ని ఉండీ ఎందుకు మరుగున పడింది మరి? “బాగుంటే నిలబడుతుందిలే, కాలమే తేలుస్తుంది” అనేవాళ్ళ కోసం రెండు తేదీలు చెప్తాను.

1957 అక్టోబరు 24న డియోర్ చనిపోయాడు. ఐదు నెలలు తిరక్కుండా 1958 మార్చి 22న మెకార్డెల్ పోయింది. పేగు క్యాన్సరు, 52 ఏళ్ళు. ఆఖరి కలెక్షను ఆసుపత్రి మంచం మీంచే, స్నేహితురాలి సాయంతో పూర్తిచేసి, లేవలేని స్థితిలో లేచి ప్రదర్శనకి వచ్చిందట. డియోర్ కంపెనీ వెనక మార్సెల్ బుసాక్ అనే బట్టల మిల్లుల కోటీశ్వరుడు ఉన్నాడు. ఆయన పోయినా దుకాణం ఆగలేదు. 21 ఏళ్ళ కుర్రాడు ఈవ్ సాన్ లోరాన్‌ని కుర్చీలో కూర్చోబెట్టారు. సెంటు సీసాల మీద ఆ పేరు ఈ రోజుకీ ఉంది, మన విమానాశ్రయాల్లో కూడా. మెకార్డెల్ పేరుతో బట్టలు ఇంకొకరు కుట్టడం ఇష్టంలేక ఇంట్లోవాళ్ళు లేబుల్ మూసేశారు. కాలం తేల్చలేదండీ. పెట్టుబడి తేల్చింది.

ఇంకొకటి కూడా ఉంది. డియోర్ గౌను రెండుసార్లు వేసుకుని పెట్టెలో దాచారు కాబట్టి మ్యూజియానికి చెక్కుచెదరకుండా చేరింది. పాపోవర్‌ని ఉతికారు. మళ్ళీ ఉతికారు. మోచేతుల దగ్గర చిరిగితే అతుకు వేసుకున్నారు, ఆ తర్వాత ఏ గుమ్మం తుడవడానికో వాడి ఉంటారు. అరిగిపోవడమే దాని ఉద్యోగం. మన అమ్మమ్మల ఇంటిచీరలు ఎన్ని మిగిలాయి చెప్పండి? పట్టువే కదా మిగిలాయి. అవి చూసి, ఆ కాలంలో ఆడవాళ్ళు ఎంత దర్జాగా ఉండేవారో అంటాం. వాళ్ళు రోజంతా ఏం కట్టుకున్నారో చెప్పే గుడ్డ ఒక్కటీ లేదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక పాపోవర్ మిగిలి ఉందంటే అదే గొప్ప.

ఈ మధ్య గాలి కాస్త మారినట్టుంది. 2021లో ఫ్రెడరిక్ ఊరివాళ్ళు ఆవిడకి కంచు విగ్రహం పెట్టారు. ఆ ఊరి ఆర్ట్ క్లబ్బువాళ్ళు డబ్బు పోగుచేసి చేయించారు. 2022లో ఆవిడ పుస్తకం మళ్ళీ అచ్చయింది. చచ్చిపోయిన అరవై ఏళ్ళ తర్వాతనుకోండి.

మా సందు చివర కుట్టుమిషను ఆయన దగ్గరికి మొన్న రెండు నైటీల గుడ్డ పట్టుకెళ్ళాను. ముందువైపు గుండీలు, చేతులు వదులుగా, జేబు అరచెయ్యి మొత్తం దిగేంత లోతు అని చెప్పాను. “నైటీకి అంత జేబెందుకమ్మా? ఇంట్లోనే కదా” అన్నాడు. ఫోను, తాళాలు, గ్యాసు లైటరు, పాలవాడికి చిల్లర అని లెక్క చెప్పాను. “జేబుకి ముప్ఫై ఎక్కువవుద్ది మరి” అన్నాడు. రెండు వైపులా పెట్టమన్నాను. మిగిలిన గుడ్డతో మసిగుడ్డ కుట్టి, పక్కన తాడుతో వేలాడదియ్యమన్నాను.